బ్యాంకు మెయిలా, దొంగ మెయిలా? పేరు, లోగో, అకౌంట్ అంకెలు అన్నీ సరిగ్గా ఉంటే తేల్చేది ఎలా?

పెన్నాతీరం (నెల్లూరు):
అందరికీ నమస్కారం. ఉదయం మా నాన్నగారికి ఒక మెయిల్ వచ్చింది, ఆయన పెన్షన్ పడే బ్యాంకు పేరుతోనే. మీ పాన్ వివరాలు కేవైసీలో సరిపోవడం లేదు, ఈ రాత్రి 12 లోపు సరిచేయకపోతే నెట్ బ్యాంకింగ్ ఆగిపోతుంది, కింద బటన్ నొక్కండి అని. ఇలాంటివి నేనూ చాలా చూశాను. మామూలుగా ఇంగ్లీషు తప్పుల తడకగా ఉంటుంది, లోగో సాగదీసినట్టు ఉంటుంది, చూడగానే తెలిసిపోతుంది. ఇందులో అవేమీ లేవు. ఇంగ్లీషు మా ఆఫీసులో రాసేదానికంటే బాగుంది. నాన్నగారి పూర్తి పేరు ఉంది, అకౌంట్ నంబరు చివరి నాలుగు అంకెలు కరెక్టు. పైగా అడుగున "మా బ్యాంకు మీ ఓటీపీ ఎప్పుడూ అడగదు" అని హెచ్చరిక కూడా పెట్టారు! ఇంకా ఏమీ నొక్కలేదు. అంకెలు సరిపోయాయి కాబట్టి బ్యాంకుదే అని ఆయన వాదన. ఇది గట్టిగా తేల్చుకునే పద్ధతి ఏదైనా ఉందా?

కృష్ణలంక_కుర్రాడు:
నొక్కొద్దు. డిలీట్ కొట్టండి. అయిపోయింది.

పెన్నాతీరం:
డిలీట్ కొట్టడం తెలుసు బ్రదర్. రేపు నిజంగా బ్యాంకు పంపినదాన్ని కూడా కొట్టేస్తే? అందుకే అడుగుతున్నా.

సర్వర్_సాంబయ్య (హైదరాబాద్):
మంచి ప్రశ్న. నా ఉద్యోగమే కంపెనీల మెయిల్ సర్వర్లు చూసుకోవడం, కాబట్టి కొంచెం వివరంగా చెబుతా, ఓపిగ్గా చదవండి.

ముందు ఫోన్‌లో కనిపించే పేరు సంగతి మర్చిపోండి. మెయిల్ పంపేవాడు ఆ పేరు దగ్గర ఏం కావాలంటే అది రాసుకోవచ్చు, ఎవడూ అడగడు. నేను ఇప్పుడే ఒక జీమెయిల్ ఐడీ తెరిచి పేరు దగ్గర "రిజర్వ్ బ్యాంక్" అని పెట్టుకుంటే మీ ఫోన్‌లో రిజర్వ్ బ్యాంక్ అనే కనిపిస్తుంది. ఫోన్‌లో ఉన్న పెద్ద చిక్కే ఇది, పేరు మాత్రమే చూపించి అసలు అడ్రస్ దాచేస్తుంది. పేరు కింద "టు మీ" అని ఉంటుంది కదా, దాని పక్కన చిన్న బాణం నొక్కితే అసలు అడ్రస్ బయటపడుతుంది. అందులో ఎట్ గుర్తు తర్వాత ఏముందో అదీ చూడాల్సింది.

ఇక లింకు. నొక్కకుండా దానిమీద వేలు అలాగే నొక్కి పట్టుకుంటే అది ఎక్కడికి పోతుందో చూపిస్తుంది (కంప్యూటర్‌లో అయితే మౌస్ దానిమీద ఉంచితే చాలు). ఆ అడ్రస్ చదవడంలోనే అందరూ బోల్తా పడేది. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, వెబ్ అడ్రస్‌లో ఇంటిపేరు చివర వస్తుంది. డాట్ కామ్, డాట్ ఇన్ లాంటివి అయ్యాక వచ్చే మొదటి ఏటవాలు గీత (/) దగ్గర ఆగి, అక్కడినుంచి వెనక్కి చదవాలి. ఆ గీతకు ఆనుకుని ఉన్నదే అసలు యజమాని. ఉదాహరణకి "మీబ్యాంకు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డాట్ పాన్‌సేవ డాట్ ఎక్స్‌వైజెడ్" అని ఉందనుకోండి, ముందున్న బ్యాంకు పేరు అలంకారం మాత్రమే, ఇంటి ఓనరు పాన్‌సేవ డాట్ ఎక్స్‌వైజెడ్. చిన్న ఫోన్ తెరమీద అడ్రస్‌లో మొదటి ముక్కే కనిపిస్తుంది, మోసగాడికి కావాల్సింది అదే.

మీ నాన్నగారి మెయిల్‌లో పంపినవాడి అడ్రస్ ఏముందో చూసి చెప్పండి. లింకు మాత్రం ఇక్కడ పెట్టకండి, ఎవరో ఒకరు నొక్కుతారు.

పెన్నాతీరం:
చూశాను. బ్యాంకు పేరు, అడ్డగీత, "అలర్ట్స్" అని ఉంది, తర్వాత ఎట్, ఆ తర్వాత ఏదో ట్రావెల్స్ కంపెనీ పేరులా ఉంది, చివర డాట్ కామ్. బటన్ వెళ్ళేది ఇంకెక్కడికో, దానికీ దీనికీ సంబంధమే లేదు. కానీ ఆ నాలుగు అంకెలు వాళ్ళకెలా తెలిశాయి?

సర్వర్_సాంబయ్య:
అయితే తేలిపోయినట్టే. ఆ ట్రావెల్స్ వాడు పాపం దొంగ కాకపోవచ్చు, వాడి మెయిల్ అకౌంట్ పాస్‌వర్డ్ పోయి ఉంటుంది, దాన్ని వాడుకుని పంపుతున్నారు. అలా పంపితే మంచి పేరున్న సర్వర్ నుంచి వచ్చింది కాబట్టి స్పామ్ వడపోతలో దొరకదు.

మంజీర (సంగారెడ్డి):
అంకెల సంగతి నేను చెప్తా. చివరి నాలుగు అంకెలు ఏమంత రహస్యం కావు. బ్యాంకు ఎస్ఎమ్మెస్‌లో అవే ఉంటాయి, రశీదుల మీద ఉంటాయి. లోన్ కోసం, ఇన్సూరెన్స్ కోసం, జిరాక్స్ షాపులో, వాట్సాప్‌లో ఏజెంటుకి, ఎంతమందికి పాస్‌బుక్ ఫోటో ఇచ్చి ఉంటాం చెప్పండి. పేరు, ఫోన్ నంబరు, మెయిల్, నాలుగు అంకెలు ఉన్న జాబితాలు అమ్ముడుపోతుంటాయి. కాబట్టి మన గురించి వాళ్ళకి ఏదో తెలుసు అన్నది సాక్ష్యం కాదు. నేనైతే ఇంకో అడుగు ముందుకేసి అంటాను, బ్యాంకు మన గురించి తెలిసినదంతా చూపించి నమ్మించాల్సిన అవసరం ఏముంది, ఆ అవసరం ఉన్నది దొంగకే.

క్యాషియర్_మాస్టారు (గుంటూరు):
బ్యాంకులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. కేవైసీ గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఈ మోసాల్లో ఎక్కువగా వాడేది ఆ మూడక్షరాలనే.

కేవైసీ మళ్ళీ చేయించుకోవాలన్నది నిజమే. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం రిస్కు తక్కువని లెక్కగట్టిన ఖాతాదారుకి 10 ఏళ్ళకోసారి, మధ్యస్థం అయితే 8 ఏళ్ళకోసారి, ఎక్కువ అయితే 2 ఏళ్ళకోసారి. పెన్షన్ తీసుకునే పెద్దాయన మామూలుగా మొదటి రకంలోకే వస్తాడు. ఇంకో విషయం, 2025 జూన్‌లో రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు ఏం చెప్పిందంటే, గడువు రాకముందే కనీసం మూడుసార్లు తెలియజేయాలి, అందులో ఒకటి పోస్టులో ఉత్తరంగా వెళ్ళాలి, గడువు దాటాక కూడా అలాగే మరో మూడు గుర్తుచేయాలి, అందులోనూ ఒక ఉత్తరం ఉండాలి. అంటే ఇదంతా నెలల తరబడి నడిచే వ్యవహారం. పొద్దున మెయిల్ పెట్టి రాత్రి 12కి మూసేస్తామనే బ్యాంకు ఎక్కడా లేదు. మా బ్రాంచిలో రాత్రి 12కి సెక్యూరిటీ గార్డు తప్ప ఎవడుండేవాడు!

వివరాలు ఏవీ మారకపోతే "ఏమీ మారలేదు" అని ఒక ప్రకటన ఇస్తే చాలు, అదీ మీరు ముందే రిజిస్టర్ చేసిన మెయిల్ నుంచో, మొబైల్ నుంచో, ఏటీఎంలోనో, నెట్ బ్యాంకింగ్ లోపలికి వెళ్ళాకో. పాస్‌వర్డ్, కార్డు వెనక మూడంకెలు, పిన్ ఇవేవీ కేవైసీలో భాగమే కాదు. వాటిని అడిగారంటే అది కేవైసీ కాదు.

పెన్నాతీరం:
మాస్టారూ, ఉత్తరం సంగతి మాకు తెలియదు, చాలా థాంక్స్. నాన్నగారికి చదివి వినిపించాను, మీరు బ్యాంకాయన అని తెలిశాక వెంటనే ఒప్పుకున్నారు, నేను గంట చెప్తే వినలేదు.

ఓరుగల్లు_ముచ్చట (వరంగల్):
అందరూ కస్టమర్ జాగ్రత్తగా ఉండాలి అంటున్నారు గానీ బ్యాంకుల సంగతి ఎవరూ మాట్లాడరేం? నాకు కార్డు ఉన్న బ్యాంకు నిజంగా పంపే మెయిల్ చూస్తే దొంగ మెయిల్ కంటే ఘోరంగా ఉంటుంది. "ఈ ఆఫర్ ఈరోజుతో ఆఖరు, వెంటనే క్లిక్ చేయండి" అని పెద్ద ఎర్ర బటన్, లింకు చూస్తే ఏదో మార్కెటింగ్ కంపెనీ అడ్రస్, అక్షరాలు అంకెలు కలిపి రెండు లైన్ల పొడుగు. ఒక చేత్తో "తెలియని లింకులు నొక్కొద్దు" అని ఎస్ఎమ్మెస్ పెడతారు, ఇంకో చేత్తో ఇలాంటివి పంపుతారు. జనానికి నొక్కడం అలవాటు చేసింది వాళ్ళే కదా. తర్వాత డబ్బు పోతే మీ నిర్లక్ష్యం అంటారు.

క్యాషియర్_మాస్టారు:
ఇందులో మిమ్మల్ని కాదనలేను. మార్కెటింగ్ విభాగం వాళ్ళది వేరే లోకం, మేమూ లోపల చాలాసార్లు గొడవపడ్డాం.

సర్వర్_సాంబయ్య:
ఓరుగల్లు అన్నా, నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ గందరగోళం తగ్గించడానికే డాట్ బ్యాంక్ డాట్ ఇన్ వచ్చింది. 2025 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంక్ ప్రకటించింది, బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోపు దానికి మారాలని గడువు పెట్టింది. ఎస్‌బీఐ ఇప్పుడు ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్, హెచ్‌డీఎఫ్‌సీ అయితే హెచ్‌డీఎఫ్‌సీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్. డాట్ కామ్ పేరు ఎవడైనా వెయ్యి రూపాయల్లో కొనేసుకోవచ్చు. ఇది అలా కాదు, ఈ పేర్లు ఇచ్చేది ఒకే సంస్థ, మన మాసబ్‌ట్యాంక్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీ, బ్యాంకుల టెక్నాలజీ కోసం రిజర్వ్ బ్యాంక్ 1996లో పెట్టిన సంస్థ. బ్యాంకు కానివాడికి ఇవ్వరు. దేశంలో బ్యాంకుల పేర్లన్నిటికీ హైదరాబాద్ నుంచే ముద్ర పడుతోందన్నమాట, మనవాళ్ళలో చాలామందికి ఈ సంగతే తెలియదు.

ఓరుగల్లు_ముచ్చట:
అయితే ఇకనుంచి డాట్ బ్యాంక్ డాట్ ఇన్ కనిపిస్తే నిజం, లేకపోతే దొంగ అనుకోవచ్చా? అంత సులువా?

సర్వర్_సాంబయ్య:
అంత సులువు కాదు. బ్రౌజర్‌లో పైన అడ్రస్ పట్టీలో, ఇందాక చెప్పిన ఏటవాలు గీతకు ఆనుకుని డాట్ బ్యాంక్ డాట్ ఇన్ ఉంటే ఆ సైటు బ్యాంకుదే అని నమ్మొచ్చు. మెయిల్ లోపల అక్షరాల్లో రాసి ఉంటే మాత్రం నమ్మడానికి లేదు, పైకి ఒక అడ్రస్ రాసి వెనక ఇంకో లింకు పెట్టడం ఎవరైనా చేసే పని. "మీబ్యాంకు అడ్డగీత బ్యాంక్ అడ్డగీత ఇన్ డాట్ కామ్" అని చుక్కల బదులు అడ్డగీతలతో పేరు కొనుక్కునేవాళ్ళూ ఉంటారు. ఇక రెండో వైపు, బ్యాంకు తరఫున మెయిళ్ళు పంపే బయటి కంపెనీలు ఉన్నాయి, అందువల్ల ఆ తోక లేనంత మాత్రాన దొంగది అని కూడా తీర్పు చెప్పలేం. సైటుకి మంచి గుర్తు, మెయిల్‌కి సగం గుర్తు.

పిఠాపురం_పంతులు:
తాళం గుర్తు ఉంటే సేఫ్ అని మా అబ్బాయి చెప్పాడే?

మంజీర:
పంతులుగారూ, అది పాత మాట. మీకూ ఆ సైటుకీ మధ్య వెళ్ళే సమాచారం దారిలో ఎవరికీ దొరకదు అన్నంతవరకే ఆ తాళం. అవతల కూర్చున్నది దొంగే అయితే మీ పాస్‌వర్డ్ భద్రంగా దొంగకే చేరుతుంది. ఆ తాళం సర్టిఫికెట్ ఉచితంగా దొరుకుతుంది, దొంగ సైట్లలో చాలావాటికి ఉంటోంది. జనం దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే 2023లో క్రోమ్ వాళ్ళు ఆ బొమ్మే తీసేశారు.

హాయిగా_ఉందాం:
నాకు మొన్న తెలుగులో వచ్చిందండీ మెయిల్! "ప్రియమైన గౌరవనీయ కస్టమర్, దయచేసి మీ ఖాతా యొక్క నిలిపివేతను నివారించుటకు క్రింది లంకెను నొక్కుము" అని. తెలుగు చూసి దొంగది అనుకున్నా, తీరా మా బ్యాంకు యాప్ తెరిచి చూస్తే అందులోనూ ఇదే తెలుగు 😂

ఓరుగల్లు_ముచ్చట:
"నొక్కుము" 😂😂

క్యాషియర్_మాస్టారు:
నవ్వుకున్నాక ఒక మాట. భాషను బట్టి తేల్చే రోజులు పోయాయి. ఇప్పుడు ఏఐతో ఎవడైనా తప్పుల్లేని ఇంగ్లీషు, ఓ మాదిరి తెలుగు రాయించుకోగలడు. అక్షర దోషాలు వెతికే అలవాటు మానేయడమే మంచిది, ఎందుకంటే తప్పు కనపడకపోతే నిజమే అనిపిస్తుంది. అది ఇంకా ప్రమాదం.

డాలస్_రామచిలుక:
ఎన్ఆర్ఐల వైపు నుంచి నేనూ చెప్తాను. మాకు ఇక్కడ ఎన్ఆర్ఈ అకౌంట్ (ఎన్ఆర్ఐలు ఇండియా బ్యాంకుల్లో పెట్టుకునేది) పేరుతో వచ్చేవి ఎక్కువ. ఫాట్కా (అమెరికా పన్ను చట్టం) డిక్లరేషన్ ఇవ్వలేదు, కేవైసీ ముగిసింది, అకౌంట్ ఫ్రీజ్ అవుతుంది అని. మేము బ్రాంచికి పోయి అడగలేం, ఇక్కడ మెలకువగా ఉన్నప్పుడు అక్కడ బ్యాంకు మూసి ఉంటుంది, ఆ దూరాన్నే వాళ్ళు వాడుకుంటారు. నా పద్ధతి ఏమిటంటే మెయిల్‌లో ఉన్న నంబరుకి ఫోన్ చెయ్యను, గూగుల్‌లో వెతికి వచ్చిన నంబరుకి కూడా చెయ్యను (దొంగ కస్టమర్ కేర్ నంబర్లు గూగుల్‌లో బోలెడు), డెబిట్ కార్డు వెనక అచ్చువేసిన నంబరుకి మాత్రమే చేస్తా. అంతకంటే తేలిక, బ్యాంకు యాప్ నేరుగా తెరిచి చూస్తా. నిజంగా కేవైసీ బాకీ ఉంటే లోపలే కనిపిస్తుంది, కనిపించకపోతే మెయిల్ అబద్ధం. మెయిల్ నిజమా కాదా అని పరిశోధన చేసే టైము నాకు లేదు, దాని దారిలో వెళ్ళను అంతే.

సర్వర్_సాంబయ్య:
నేను అంత పొడుగ్గా చెప్పిందంతా చిలకగారు నాలుగు ముక్కల్లో తేల్చేశారు. నిజానికి మా ఇంట్లో పెద్దవాళ్ళకి నేను చెప్పిందీ ఇదే. అడ్రస్ చదవడం అందరికీ రాదు, వచ్చినా తొందరలో కళ్ళు మోసం చేస్తాయి, ఇంగ్లీషు ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఫోన్‌లో ఎమ్ లాగే ఉంటుంది. మెయిల్ అంటే ఒక కబురు మాత్రమే అనుకోవాలి, దారి మనది.

కృష్ణలంక_కుర్రాడు:
ఇవన్నీ పెద్దవాళ్ళకి, చదువు లేనివాళ్ళకి కదా. చదువుకున్నోళ్ళు కొంచెం బుర్ర పెడితే పడరు.

మంజీర:
తమ్ముడూ, చదువుకీ దీనికీ సంబంధం లేదు. హైదరాబాద్‌లో ఏపీ మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సంగతి గుర్తులేదా? 2022 జనవరిలో బ్యాంకు సర్వర్లలోకి దూరి 12 కోట్ల పైచిలుకు బయటికి మళ్ళించేశారు. పోలీసుల దర్యాప్తులో తేలిందేమిటంటే అంతకు రెండు నెలల ముందు బ్యాంకు ఉద్యోగులకే 200కు పైగా ఫిషింగ్ మెయిళ్ళు, అంటే ఇలా ఎర వేసే దొంగ మెయిళ్ళు, పంపారు, తెరిచింది ఇద్దరు. మిగతా అందరూ జాగ్రత్తగా ఉన్నా ఇద్దరు చాలు. రోజూ డబ్బుతో పనిచేసేవాళ్ళే పడ్డారు. నెలాఖరు పనిలో తల మునకలై ఉన్నప్పుడు, ఇన్‌కం ట్యాక్స్ రీఫండ్ కోసం ఎదురుచూస్తున్నప్పుడు, సరిగ్గా దాని గురించే మెయిల్ వస్తే ఎవరైనా నొక్కుతారు. జులై నుంచి సెప్టెంబరు దాకా రీఫండ్ పేరుతో వచ్చే మెయిళ్ళు అందుకే ఎక్కువ.

కృష్ణలంక_కుర్రాడు:
సరే అక్కా, ఒప్పుకున్నా.

కరీంనగర్_కిరాయిదారు:
మా పక్క పోర్షన్‌లో ఉండే ఆయనకి జరిగింది చెప్తాను, ఇది ఎలా పనిచేస్తుందో అర్థమవుతుంది. బ్యాంకు పేరు అనవసరం. క్రెడిట్ కార్డు రివార్డు పాయింట్లు ఈరోజుతో ఎక్స్‌పైర్ అవుతున్నాయి, క్యాష్‌గా మార్చుకోండి అని మెయిల్. నొక్కితే అచ్చం బ్యాంకు పేజీయే, కార్డు నంబరు, డేటు, వెనక అంకెలు అడిగింది, ఇచ్చాడు. తర్వాత ఓటీపీ అడిగింది, ఫోన్‌కి నిజంగానే బ్యాంకు నుంచి ఓటీపీ వచ్చింది, కొట్టాడు. "తప్పు ఓటీపీ, మళ్ళీ ప్రయత్నించండి" అని వచ్చింది. ఇంకో ఓటీపీ వచ్చింది, అదీ కొట్టాడు. రెండుసార్లూ ఓటీపీ కరెక్టే. మొదటిదానితో ఒక కొనుగోలు, రెండోదానితో ఇంకోటి. పేజీ వెనక మనిషో ప్రోగ్రామో కూర్చుని ఇటు కొట్టినది అటు బ్యాంకులో వెంటనే కొడుతున్నారన్నమాట.

అసలు బాధేంటంటే ఆ ఓటీపీ మెసేజ్‌లోనే ఇంత మొత్తానికి, ఫలానా షాపులో చెల్లింపు కోసం అని రాసి ఉంది. ఎవరూ చదవరు, నోటిఫికేషన్‌లో ఆరంకెలు చూసి కొట్టేస్తారు. పాయింట్లు మనకి రావాలంటే చెల్లింపు ఓటీపీ ఎందుకొస్తుంది?

ఆయన అదృష్టం, కొడుకు ఇంట్లోనే ఉన్నాడు, ఐదు నిమిషాల్లో కార్డు బ్లాక్ చేయించి 1930కి కొట్టారు. రెండోది ఆపగలిగారు, మొదటిది పోయింది.

పిఠాపురం_పంతులు:
1930 అంటే?

కరీంనగర్_కిరాయిదారు:
దేశమంతటికీ ఒకే సైబర్ మోసాల నంబరు పంతులుగారూ. మీరు ఫిర్యాదు చెప్పగానే డబ్బు ఏ బ్యాంకుకి వెళ్ళిందో ఆ బ్యాంకుకి కబురు పెట్టి అక్కడ ఆపే ప్రయత్నం చేస్తారు. దొంగలు గంట లోపలే నాలుగైదు అకౌంట్లు మార్చి ఏటీఎంలో తీసేస్తారు, కాబట్టి ఎంత తొందరగా చెబితే అంత మేలు. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేసుకుని నంబరు తీసుకోవాలి, బ్యాంకుకి అది చూపించాలి.

ఓరుగల్లు_ముచ్చట:
పోయిన డబ్బు బ్యాంకు ఇస్తుందా ఇవ్వదా? మూడు రోజుల్లో చెబితే మొత్తం ఇస్తారని వాట్సాప్‌లో తిరుగుతోంది.

క్యాషియర్_మాస్టారు:
అది సగం నిజం. రిజర్వ్ బ్యాంక్ 2017 జులైలో ఇచ్చిన సర్క్యులర్ అది. తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక, మధ్యలో ఎక్కడో జరిగితే, మూడు పనిదినాల లోపు చెప్పినవాడికి నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు రోజుల మధ్య చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకి గరిష్ఠంగా 10,000 వరకు మనమీద పడుతుంది. ఆ తర్వాత బ్యాంకు బోర్డు పాలసీ. వాట్సాప్‌లో చెప్పని ముక్క ఏంటంటే, పాస్‌వర్డో ఓటీపీయో మనమే ఇచ్చేస్తే దాన్ని నిర్లక్ష్యం కింద లెక్కగట్టవచ్చు, అప్పుడు బ్యాంకుకి చెప్పేదాకా పోయిందంతా మనదే. చెప్పిన క్షణం తర్వాత పోయింది మాత్రం బ్యాంకుది. అందుకే ఫోన్ చేసిన సమయం, ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోవాలి. ఇంకో సంగతి, తప్పు ఖాతాదారుదే అని రుజువు చేయాల్సిన భారం బ్యాంకు మీదే ఉంటుంది. కౌంటర్‌లో "మీరే ఓటీపీ ఇచ్చారు కదా" అని ఒక్క ముక్కలో పంపించేస్తే వెనక్కి రావద్దు, రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి వెళ్ళవచ్చు, ఖర్చు లేదు.

డాలస్_రామచిలుక:
ఇక్కడ అమెరికాలో రూలు కొంచెం వేరు. రెగ్యులేషన్ ఈ అంటారు. మనల్ని మోసం చేసి పాస్‌వర్డ్ లాక్కుని వాడు డబ్బు తీస్తే అది అనధికార లావాదేవీయే, రెండు పనిదినాల్లో చెబితే మన నష్టం 50 డాలర్లకు మించదు, ఆలస్యమైతే 500 దాకా, స్టేట్‌మెంట్ పంపి 60 రోజులు దాటాక కూడా చెప్పకపోతే ఆ తర్వాత జరిగే నష్టానికి పరిమితి లేదు. కానీ మన చేత్తో మనమే జెల్‌లో (ఇక్కడ ఫోన్‌తో డబ్బు పంపే సర్వీసు) పంపిస్తే ఆ రక్షణ వర్తించదు. ఇప్పుడు దొంగలంతా "మీరే పంపండి" వైపు మళ్ళింది అందుకే.

హాయిగా_ఉందాం:
లింకు లేకుండా అటాచ్‌మెంట్‌తో వస్తే? మా ఆవిడకి స్టేట్‌మెంట్ అని వచ్చింది.

సర్వర్_సాంబయ్య:
నిజమైన స్టేట్‌మెంట్ అయితే పీడీఎఫ్, దానికి పాస్‌వర్డ్ ఉంటుంది, ఆ పాస్‌వర్డ్ మీ పేరులో కొన్ని అక్షరాలు, పుట్టినతేదీ లాంటి మీకు తెలిసిన వివరాలతోనే తయారవుతుంది, మెయిల్‌లో ఎలా కొట్టాలో చెబుతారు తప్ప పాస్‌వర్డే రాసి పంపరు. జిప్ ఫైలు పెట్టి "పాస్‌వర్డ్ 1234" అని పక్కనే రాశారంటే అది వైరస్ స్కానర్‌కి దొరక్కుండా కట్టిన మూట. హెచ్‌టీఎమ్ఎల్ ఫైలు, అంటే వెబ్ పేజీనే ఫైలుగా పంపడం, ఇంకా చెడ్డది, తెరిస్తే బ్యాంకు లాగిన్ పేజీ మీ కంప్యూటర్‌లోంచే తెరుచుకుంటుంది, పైన చూసుకోవడానికి వెబ్ అడ్రస్ కూడా ఉండదు. ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ ఎక్కించేది) గురించి చెప్పక్కర్లేదు, బ్యాంకు యాప్ ప్లే స్టోర్‌లో తప్ప మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో రాదు. ఈమధ్య క్యూఆర్ కోడ్ బొమ్మ పెట్టి ఫోన్‌తో స్కాన్ చెయ్యమంటున్నారు, అదీ లింకే, కంటికి కనిపించని లింకు.

పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకుని నింపే యాప్) వాడేవాళ్ళకి ఒక లాభం ఉంది. అది పేజీ రంగూ లోగో చూడదు, అడ్రస్ మాత్రమే చూస్తుంది. ఎప్పుడూ దానంతట అది నింపే పాస్‌వర్డ్ ఈరోజు నింపలేదంటే ఆగి ఆలోచించండి, చేత్తో కొట్టేయకండి.

మంజీర:
ఇంట్లో పెద్దవాళ్ళున్నవాళ్ళకి ఒక్క మాట. వాళ్ళు ఏదైనా నొక్కామని చెబితే అరవకండి. "ఎన్నిసార్లు చెప్పాను నీకు" అని మొదలుపెడితే ఇంకోసారి చెప్పరు. మా కాలనీలో ఒకావిడ కొడుకు తిడతాడని మూడు రోజులు దాచింది, ఇందాక మాస్టారు చెప్పిన లెక్కలో ఆ మూడు రోజులే ముఖ్యం.

మోడరేటర్:
లింకులు, ఫోన్ నంబర్లు, మెయిల్ స్క్రీన్‌షాట్‌లో కనిపించే అకౌంట్ వివరాలు ఎవరూ పెట్టకండి. ఒక సభ్యుడు పెట్టినది తొలగించాను. "పోయిన డబ్బు తెప్పిస్తాం, ఫీజు కట్టండి" అని మీకు ప్రైవేటు మెసేజ్‌లు పంపేవాళ్ళుంటే రిపోర్ట్ చేయండి, అది రెండో మోసం.

పెన్నాతీరం:
అందరికీ ధన్యవాదాలు. నాన్నగారు యాప్ తెరిచి చూశారు, కేవైసీ బాకీ ఏమీ లేదు. ఆఖరుగా ఒక సందేహం. ఈ మెయిల్ డిలీట్ చెయ్యాలా, బ్యాంకుకి పంపాలా? స్క్రీన్‌షాట్ తీసి పెట్టాను.

సర్వర్_సాంబయ్య:
స్క్రీన్‌షాట్ వాళ్ళకి పెద్దగా పనికిరాదు. మెయిల్ ఏయే సర్వర్ల మీదుగా వచ్చిందో ఆ జాడ అంతా హెడర్‌లో ఉంటుంది, మామూలుగా ఫార్వర్డ్ చేస్తే అది పోతుంది. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఆ మెయిల్ పైన ఉన్న పట్టీలో మూడు చుక్కల్లో "ఫార్వర్డ్ యాజ్ అటాచ్‌మెంట్" అని ఉంటుంది, అలా పంపండి. చాలా బ్యాంకులకు ఫిషింగ్ ఫిర్యాదులకంటూ వేరే మెయిల్ ఐడీ ఉంటుంది, బ్యాంకు సైటులో మీరే వెతికి తీసుకోండి. పంపాక మెయిల్‌లో జవాబు బాణం పక్కనున్న మూడు చుక్కల్లో "రిపోర్ట్ ఫిషింగ్" నొక్కండి, జీమెయిల్ వడపోత దాన్ని చూసి నేర్చుకుంటుంది. కుతూహలం ఉంటే పక్కనే "షో ఒరిజినల్" కూడా చూడండి, ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరసలు ఉంటాయి, పంపిన అడ్రస్ అసలుదేనా అని చూసే పరీక్షలు అవి. అవి పాస్ అని ఉంటే ఆ మెయిల్ నిజంగా ఆ ట్రావెల్స్ అడ్రస్ నుంచే వచ్చిందని అర్థం, బ్యాంకుదని కాదు.

పెన్నాతీరం:
చూశాను, మూడూ పాస్ అనే ఉంది! మీరు చెప్పకపోతే దీన్ని చూసి నిజమే అనుకునేవాణ్ణి. బ్యాంకుకి పంపేశాను, ఆ ట్రావెల్స్ వాళ్ళ సైటులో ఉన్న నంబరుకి కూడా ఫోన్ చేసి చెప్పాను. పొద్దున్నుంచి ఇలాంటి ఫోన్లే వస్తున్నాయట.